సెస్నా 172తో మొదటిసారి గడ్డి రన్‌వే: శాండౌన్‌కి వెళ్లాలా, బెంబ్రిడ్జ్‌కి వెళ్లాలా?

థేమ్స్ గట్టు:

అందరికీ నమస్కారం. నాకు ఇంగ్లండ్‌లో పీపీఎల్, అంటే ప్రైవేట్ పైలట్ లైసెన్సు, వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నేర్చుకున్నదంతా తారు రన్‌వే మీదే, గడ్డి మీద ఇంతవరకు చక్రం ఆనించిన పాపాన పోలేదు. ఈ నెలాఖర్లో వాతావరణం బాగుంటే మా ఆవిడని, మా బావమరిదిని ఐల్ ఆఫ్ వైట్ తీసుకెళ్దామని ప్లాన్. క్లబ్బు వాళ్ల సెస్నా 172ఎస్. ముగ్గురం పెద్దవాళ్లం, ట్యాంకులు దాదాపు నిండుగా, సామాను కొంచెం. బావమరిది బరువు ఇక్కడ రాస్తే ఇంట్లో గొడవ కాబట్టి గరిష్ఠ బరువు 2550 పౌండ్లే వేసుకుని చెప్పండి.

ఆ దీవిలో దిగడానికి రెండు చోట్లున్నాయి. బెంబ్రిడ్జ్‌లో కాంక్రీటు రన్‌వే, 837 మీటర్లు. శాండౌన్‌లో గడ్డి రన్‌వే, 884 మీటర్లు. రెండిటికీ మధ్య దూరం కొద్ది మైళ్లే. మా ఆవిడ ఓటు శాండౌన్‌కి. పొడుగు కూడా అదే ఎక్కువ కదా, గడ్డి అయితే ఏం మునిగిపోయింది అని నాకూ అనిపిస్తోంది. క్లబ్బులో ఒకాయన్ని అడిగితే "గడ్డి మెత్తగా ఉంటుంది, ఎంత చెత్తగా దించినా బాగా దించినట్టే ఉంటుంది, వెళ్లిపో" అన్నాడు. పక్కనే ఉన్న ఇంకొకాయన "మొదటిసారి ఇన్‌స్ట్రక్టర్ లేకుండా వెళ్లకు" అన్నాడు. ఎవరి మాట వినాలి? లెక్కలు ఏం మారతాయి, చేతుల్లో ఏం మారుతుంది, కాస్త విడమరిచి చెప్పండి.

వాల్తమ్ బాబాయ్:

ఇద్దరూ నిజమే చెప్పారు. మొదటాయన ఎండిన గడ్డిని తలచుకుని చెప్పాడు, రెండో ఆయన తడిసిన గడ్డిని తలచుకుని చెప్పాడు, అంతే తేడా. నేను ఎగిరేది వైట్ వాల్తమ్ నుంచి, అక్కడున్న మూడు రన్‌వేలూ గడ్డివే, కాబట్టి నాకు తారే కొత్తగా ఉంటుంది. ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే చాలామంది టెక్నిక్ గురించే అడుగుతారు గానీ అసలు కథ లెక్కలోనే తేలిపోతుంది.

172ఎస్ పీఓహెచ్, అంటే విమానంతో వచ్చే పైలట్ పుస్తకం, తీయండి. 2550 పౌండ్లు, సముద్ర మట్టం, 20 డిగ్రీలు, గాలి లేదు అనుకుంటే టేకాఫ్‌లో 50 అడుగుల ఎత్తు దాటడానికి 1690 అడుగులు, అంటే 515 మీటర్లు. ల్యాండింగ్‌కి 50 అడుగుల ఎత్తు నుంచి పూర్తిగా ఆగేదాకా 1350 అడుగులు, అంటే 411 మీటర్లు. ఈ అంకెలు మంచి కండిషన్‌లో ఉన్న విమానాన్ని చదునైన ఎండు తారు మీద, బ్రేకులు తొక్కిపట్టి ఫుల్ పవర్ వచ్చాక వదిలితే వచ్చేవి. క్లబ్బు విమానం, మన చేతులు, అంత సీన్ ఉండదు.

అందుకని ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ సీఏఏ వాళ్లు చిన్న విమానాలకి గుణించుకోవాల్సిన అంకెలు ఇచ్చారు. ఎండు గడ్డి మీద టేకాఫ్‌కి 1.2, తడి గడ్డికి 1.3. ల్యాండింగ్‌కి ఎండు గడ్డి 1.15, తడి గడ్డి 1.35. వీటన్నిటి మీద మళ్లీ భద్రత కోసం టేకాఫ్‌కి 1.33, ల్యాండింగ్‌కి 1.43. ఇవన్నీ ఒకదాన్నొకటి గుణించాలి, కూడకూడదు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు.

ఇప్పుడు మీ శాండౌన్. ఎండు గడ్డి మీద టేకాఫ్: 515ని 1.2తో, 1.33తో గుణిస్తే 822 మీటర్లు. ఉన్నది 884. సరిపోయింది, అరవై మీటర్లు మిగిలింది. అదే రాత్రి వాన పడి గడ్డి తడిగా ఉంటే 890. ఉన్నది 884 మాత్రమే! మీ ప్రశ్నకి జవాబు ఆ ఆరు మీటర్లలో ఉంది. రన్‌వే అదే, విమానం అదే, బావమరిదీ అదే. రాత్రి కురిసిన వాన ఒక్కటే తేడా.

ల్యాండింగ్ ఎండు గడ్డికి 676, తడి గడ్డికి 793, రెండూ పడతాయి. కాబట్టి తడిలో దిగగలరు గానీ లెక్క ప్రకారం మళ్లీ ఎగరలేరు, ముగ్గురిలో ఒకరు ఫెర్రీ ఎక్కి రావాలి. ఎవరో మీరే తేల్చుకోండి. ఇంకో మెలిక కూడా ఉంది. గడ్డి బాగా పొట్టిగా కోసి, కింద నేల గట్టిగా ఉండి, పైన తడిగా ఉంటే చక్రం జారుతుంది. అలాంటప్పుడు ల్యాండింగ్‌కి 1.6 వేసుకోమంటారు. అప్పుడు 940 వస్తుంది, అంటే దిగడమూ కుదరదు.

బెంబ్రిడ్జ్ కాంక్రీటు మీద అయితే టేకాఫ్ 685, తడిగా ఉన్నా ల్యాండింగ్ 676. తడి తారుకీ ఎండు గడ్డికీ ల్యాండింగ్ గుణకం ఒకటే, 1.15, అందుకే అంకె కూడా అదే వచ్చింది. 837లో హాయిగా పడుతుంది. పొడుగు తక్కువున్న రన్‌వేలోనే మీకు చోటు ఎక్కువ మిగులుతోంది.

ఒక మాట, నేను రన్‌వే మొత్తం పొడుగుతో లెక్క వేశాను. టేకాఫ్‌కి, ల్యాండింగ్‌కి ప్రకటించిన దూరాలు అంతకన్నా తక్కువ ఉండొచ్చు. చార్టులో అవి చూసుకుని మళ్లీ వేసుకోండి. ఎగువ వాలు, వెనక గాలి నేను కలపలేదు.

ఒహాయోలో ఒంగోలు:

బాబాయ్ లెక్కకి దండం గానీ, మా అమెరికాలో ఎవరూ ఇన్ని గుణకాలు వెయ్యరు. సెస్నా వాళ్లే అదే పీఓహెచ్‌లో, ఆ పట్టిక కిందే, చిన్న అక్షరాల్లో గడ్డికి లెక్క ఇచ్చారు. ఎండు గడ్డి అయితే టేకాఫ్‌లో నేల మీద పరిగెత్తే దూరంలో 15 శాతం కలపమని, ల్యాండింగ్‌లో నేల మీది దూరంలో 45 శాతం కలపమని. 20 డిగ్రీలకి టేకాఫ్ పరుగు 995 అడుగులు, దానికి 15 శాతం అంటే 150 అడుగులు. మొత్తం 1840 అడుగులు, 561 మీటర్లు. 884 మీటర్ల రన్‌వేకి 561 మీటర్ల అవసరం! ఇంకేం కావాలి? తడి గురించి సెస్నా ఏమీ చెప్పలేదు కాబట్టి ఆ ముక్క వరకు బాబాయ్ మాటే వినండి.

అన్నా, నేను చెప్పాలనుకున్నది టెక్నిక్ గురించి. ఇక్కడ ప్రైవేట్ పైలట్ చెక్‌రైడ్‌లో, అంటే లైసెన్సు పరీక్షలో, సాఫ్ట్ ఫీల్డ్ టేకాఫ్, సాఫ్ట్ ఫీల్డ్ ల్యాండింగ్ తప్పనిసరి. కానీ చాలామంది వాటిని తారు రన్‌వే మీదే "ఇది మెత్తని నేల అనుకో" అని చేసి పాసైపోతారు. స్కూళ్లు చాలావరకు అద్దె విమానాల్ని గడ్డి మీద దించనివ్వవు, ఇన్సూరెన్సు భయం. మీ క్లబ్బు రూల్స్ కూడా ముందు చదవండి, లెక్కలన్నీ వేశాక అక్కడ "నో" అని ఉంటే ఏడుపొస్తుంది.

నేను టెయిల్‌డ్రాగర్ (తోక కింద చిన్న చక్రం ఉండే విమానం) నేర్చుకున్నది ఒహాయోలోనే, వేన్స్‌విల్ దగ్గర రెడ్ స్టువర్ట్ ఎయిర్‌ఫీల్డ్‌లో, అదంతా గడ్డే. మొదట గడ్డి మీద నేర్చుకోవడం నా అదృష్టం. టెయిల్‌డ్రాగర్ కొంచెం పక్కకి జారుతూ తారు మీద వాలిందంటే టైరు టక్కున పట్టేసి ముక్కుని ఒక పక్కకి లాగేస్తుంది, కాళ్లు ఒక్క క్షణం నిద్రపోయినా గ్రౌండ్ లూపే, విమానం నేల మీదే గిర్రున తిరిగిపోతుంది. గడ్డి మీద టైరు కాస్త జారి సర్దుకోనిస్తుంది. మీ క్లబ్బులో మొదటాయన అన్నది దీని గురించే అయి ఉంటుంది. అయితే గడ్డి క్షమిస్తుంది కదా అని రడ్డర్ తొక్కే కాళ్లు బద్ధకం నేర్చుకుంటే, ఆ బద్ధకం బయటపడేది మళ్లీ తారు మీదే.

172 సంగతికొస్తే అందులో కాపాడుకోవాల్సింది ముక్కు చక్రం ఒక్కటే. టాక్సీ మొదలుపెట్టినప్పటి నుంచి యోక్ (చేతిలో ఉండే కంట్రోల్ చక్రం) పొట్టకి ఆనించి ఉంచండి. నేల మెత్తగా ఉన్నచోట ఆగొద్దు, ఆగితే మళ్లీ కదలడానికి బోలెడు పవర్ కావాలి, ఆ పవర్‌కి ప్రొపెల్లర్ కింద ఉన్న చెత్తంతా ఎగిరొస్తుంది. చెకప్‌లన్నీ గట్టి నేల మీద ముగించుకుని, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు పలకలు) 10 డిగ్రీలకి పెట్టుకుని, రన్‌వే మీదకి తిరుగుతూనే పవర్ మెల్లగా పూర్తిగా ఇచ్చెయ్యాలి. ముక్కు తేలిక పడగానే యోక్ కొంచెం వదలండి, లేకపోతే తోక నేలకి తగిలేంత లేస్తుంది. చక్రాలు వదిలేది పైకెక్కే వేగం రాకముందే. ఇక్కడే కొత్తవాళ్లు పొరపాటు చేస్తారు, గాల్లోకి లేచాం కదా అని పైకి లాగుతారు. లాగకూడదు. ముక్కు కొంచెం దించి నేలకి దగ్గర్లోనే ఎగురుతూ, ఆ గ్రౌండ్ ఎఫెక్ట్‌లోనే (నేల దగ్గర రెక్కలకి దొరికే అదనపు సాయం) వేగం పెంచుకుని అప్పుడు ఎక్కాలి. 172 రెక్కల పొడవు 36 అడుగులు, అందులో సగం ఎత్తు దాటాక ఆ సాయం బాగా తగ్గిపోతుంది. వేగం లేకుండా దాటితే విమానం మళ్లీ కిందకి కూర్చుంటుంది.

దిగేటప్పుడు మామూలు అప్రోచే. ఫ్లేర్‌లో, అంటే నేలకి ఆనేముందు ముక్కు ఎత్తేటప్పుడు, చిటికెడు పవర్ ఉంచి మెల్లగా మెయిన్ చక్రాలు ఆనించండి, ముక్కుని ఎంతసేపు నిలబెట్టగలిగితే అంతసేపు గాల్లో నిలబెట్టండి, అది తనంతట తాను దిగాలి. బ్రేకు దాదాపు అక్కర్లేదు. ఇంకోటి, ఎండిన గట్టి గడ్డి అయితే ఇంత హడావుడి కూడా అవసరం లేదు, ముక్కు చక్రం మీద బరువు పడకుండా చూసుకుంటే చాలు. గడ్డి అన్న ప్రతిదీ మెత్తని నేల కాదు.

వాల్తమ్ బాబాయ్:

ఒంగోలు తమ్ముడూ, టెక్నిక్ చక్కగా చెప్పావు. కానీ 561 సరిపోతుంది అన్న దగ్గర నాకు అభ్యంతరం ఉంది. నువ్వు తీసుకున్న అంకె బ్రేకులు పట్టి ఫుల్ పవర్‌తో వదిలితే వచ్చేది. రెండు పేరాల తర్వాత నువ్వే ఆగకుండా తిరుగుతూ పవర్ ఇవ్వమన్నావు. రెండూ ఒకేసారి కుదరవు కదా. పట్టికలో ఉన్న టెక్నిక్ వేరు, మనం గడ్డి మీద వాడే టెక్నిక్ వేరు. ఆ మధ్య తేడాని మింగేది భద్రత గుణకమే. నీ 561ని 1.33తో గుణిస్తే 746 వస్తుంది. అది నా 822 కన్నా తక్కువే, నీ లెక్క కొంచెం ఉదారం. ల్యాండింగ్‌లో సెస్నా 45 శాతం లెక్కకి 1.43 వేస్తే 703 వస్తుంది, అక్కడ సెస్నా వాళ్లే నాకన్నా జాగ్రత్తపరులు. అంటే ఎటు నుంచి లెక్క వేసినా ఎండు గడ్డి మీద మీకు ఢోకా లేదు, తడి అయ్యేసరికి అంచుకి వచ్చేస్తారు.

థేమ్స్ గట్టు గారూ, ఎండాకాలమే కదా అని ధీమా పడొద్దు. పొద్దున్నే మంచు పట్టిన గడ్డి కూడా తడి గడ్డే, చక్రానికి అది వానో మంచో తెలీదు. మధ్యాహ్నం వెళ్లి సాయంత్రం లోపల తిరిగొస్తే మంచిది.

థేమ్స్ గట్టు:

అబ్బో, ఇంత లెక్క ఉందని తెలీదు. బాబాయ్ గారూ, ఆరు మీటర్ల ముక్క చదివి ఇంట్లో వినిపించాను, బావమరిది ఇవాళ చపాతీ ఒకటి తగ్గించాడు.

రెండు సందేహాలు. గడ్డి చక్రాన్ని పట్టి లాగుతుంది కాబట్టి టేకాఫ్ ఆలస్యం అవుతుందంటే అర్థమైంది. మరి అదే లాగుడు ల్యాండింగ్‌లో సాయం చెయ్యాలి కదా, ల్యాండింగ్ దూరం ఎందుకు పెరుగుతోంది? రెండోది, గడ్డి తడిగా ఉందో లేదో ఇంట్లో కూర్చుని నాకెలా తెలుస్తుంది?

వాల్తమ్ బాబాయ్:

మంచి ప్రశ్న. టైరు దొర్లడానికి గడ్డి అడ్డుపడే మాట నిజమే, తారు మీద కన్నా రెండింతలు మూడింతలు ఉంటుంది ఆ అడ్డు. కానీ తారు మీద మీరు ఆగేది ఆ అడ్డుతో కాదు, బ్రేకుతో. బ్రేకు తొక్కితే టైరు తారుని గట్టిగా పట్టుకుంటుంది. గడ్డి మీద ఆ పట్టు దొరకదు, తడిసిన గడ్డి మీద అసలే దొరకదు, చక్రం బిగుసుకుపోయి జారుతూ పోతుంది. దొర్లుడులో లాభపడింది కొంచెం, బ్రేకులో పోగొట్టుకున్నది చాలా. అందుకే ల్యాండింగ్ దూరం పెరుగుతుంది. తడి గడ్డి మీద వేగంగా దిగినవాడు చివర్లో కంచెని పలకరిస్తాడు. స్పీడు కచ్చితంగా ఉంచుకోండి, పీఓహెచ్ షార్ట్ ఫీల్డ్ (పొట్టి రన్‌వే) స్పీడు 61 నాట్లు, మీరు 70తో వస్తే ఆ పట్టికకి అర్థమే లేదు.

తడి సంగతి తెలుసుకోవడానికి దారి ఒకటే, ఫోన్. ఎలాగూ ముందస్తు అనుమతి కోసం చేస్తారు కదా, అప్పుడే అడగండి. "రన్‌వే ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది" అంటారు, వాళ్లకి ఎప్పుడూ బాగానే ఉంటుంది. గడ్డి ఎప్పుడు కోశారు, రాత్రి వాన పడిందా, మెత్తటి జాగాలు ఏ చివర ఉన్నాయి, ఇవాళ 172లు ఏమైనా వచ్చి వెళ్లాయా అని విడివిడిగా అడగండి. ఆఖరి దానికి వచ్చే జవాబే అసలు జవాబు. సొంత స్ట్రిప్పులు ఉన్నవాళ్లు అయితే కారులో రన్‌వే మీద గంటకి 30 మైళ్ల వేగంతో వెళ్లి చూస్తారు, కుదుపు లేకుండా పోతే విమానమూ పోతుందని వాళ్ల కొలత.

టేకాఫ్‌లో ఇంకో కొలత పెట్టుకోండి. రన్‌వే సగం పొడుగు దగ్గర ఏదో ఒక గుర్తు, చెట్టో బోర్డో, ముందే చూసుకోండి. అక్కడికి చేరేసరికి లేచే వేగంలో 70 శాతం రాకపోతే పవర్ తీసెయ్యండి. 172ఎస్‌కి పట్టికలో లేచే వేగం 51 నాట్లు, కాబట్టి సగంలో 36 కనపడాలి. కనపడకపోతే ఇంకొంచెం చూద్దాం అనుకోవద్దు. తడిలో ఆగడానికి కూడా ఎక్కువ దూరం కావాలి, అది మర్చిపోతారు చాలామంది.

రెంచి:

నేను పైలట్‌ని కాదు, విమానాలు రిపేరు చేసేవాణ్ణి. గడ్డి రన్‌వేలకి వెళ్లొచ్చిన విమానాల కింద పడుకుని చూసేవాడిగా నాలుగు ముక్కలు.

చక్రాల మీద ఉండే స్పాట్స్, ఆ ఫైబర్ తొడుగులు, తడి గడ్డి మీద తిరిగొచ్చాక విప్పితే లోపల ముద్ద ముద్దగా మట్టి, కోసిన గడ్డి, కొన్నిసార్లు బ్రేకు కాలిపర్ దాకా గట్టిగా కూరుకుని ఉంటుంది. వేళ్లతో రాదు, స్క్రూడ్రైవర్ పెట్టి తవ్వాలి. చలికాలంలో ఇది ఊరికే మురికి కాదు. పైన గాల్లో ఆ తడి మట్టి గడ్డకడితే చక్రం తిరగదు, బిగుసుకున్న చక్రంతో దిగుతారు. అందుకే ఇక్కడ చాలామంది అక్టోబర్ రాగానే స్పాట్స్ పీకేసి షెడ్డులో పెట్టేస్తారు, వేగం రెండు మూడు నాట్లు తగ్గినా సరే. తీసేముందు మీ విమానం కాగితాల్లో అవి లేకుండా ఎగరొచ్చని ఉందో లేదో చూడాలి.

ముక్కు కాలు గురించి ఒంగోలు గారు చెప్పింది అక్షరాలా నిజం. 172లో ఆ కాలు ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకు గోడకి, బిగించి ఉంటుంది. గంతులేస్తూ ముక్కు మీద దిగితే ఆ రేకు ముడతపడుతుంది. బయట నుంచి ఏమీ కనపడదు, కౌలింగ్ (ఇంజను మూత) తీసి టార్చి వేస్తే రివెట్ల వరస దగ్గర చిన్న అలలా కనిపిస్తుంది, ఆ అల ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి. గడ్డి మీద గుంతలు, పుట్టలు ఉంటాయి, కుందేళ్లు తవ్విన బొరియలుంటాయి, కాబట్టి టాక్సీ మనిషి నడిచే వేగంలోనే.

అన్నిటికన్నా ఎక్కువ ప్రొపెల్లర్ దెబ్బలు నేను చూసింది రన్‌వే మధ్యలో తగిలినవి కావు. తారూ గడ్డీ కలిసే అంచు దగ్గర తగిలినవి. అక్కడ మట్టి కొట్టుకుపోయి మెట్టులా తయారవుతుంది, రాళ్లు కూడా అక్కడే పోగవుతాయి. దాని మీదకి సూటిగా వెళ్తే ముక్కు చక్రం దిగబడి ప్రొపెల్లర్ కొస నేలకి దగ్గరవుతుంది. ఏటవాలుగా, ఒక్కో చక్రం దాటేలా, పవర్ పెంచకుండా వెళ్లండి. దిగాక ప్రొపెల్లర్ అంచు మీద గోరుతో అలా రాసి చూసుకోండి, గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఇంజనీర్‌కి చూపించకుండా మళ్లీ ఎగరొద్దు. కొసల మీద పచ్చటి మరకలు ఉంటే గడ్డి మరీ ఎక్కువ పెరిగిందని అర్థం.

కార్బ్యురేటర్ ఉన్న విమానాలు, అంటే సెస్నా 150, పాత 172, వారియర్ లాంటివి, తడి గడ్డి మీద ఎక్కువసేపు తక్కువ పవర్‌తో టాక్సీ చేస్తే కార్బ్యురేటర్ లోపల ఐస్ పట్టే అవకాశం ఎక్కువ. టేకాఫ్‌కి ముందు ఒకసారి కార్బ్ హీట్ (దానికి వేడి గాలి పంపే మీట) వేసి చూడండి, అయితే నేల మీద దాన్ని అలా వదిలెయ్యొద్దు, ఆ గాలి ఫిల్టర్ దాటకుండా వస్తుంది, గడ్డిగింజలన్నీ లోపలికే. మీ 172ఎస్‌ది ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజను, మీకు ఈ బాధ లేదు.

గడ్డిని తిట్టాను గానీ టైర్లకి మాత్రం గడ్డే మేలు, తారు మీద అరిగినంత అరగవు.

బేగంపేట బ్యాచ్:

ఇదంతా చదువుతుంటే కుళ్లుగా ఉంది. నేను హైదరాబాద్‌లో నేర్చుకున్నాను. బేగంపేట రన్‌వే మూడు కిలోమీటర్ల పైనే, దాని మీద మా చిన్న విమానంతో దిగితే ఆగాక కూడా టాక్సీవే దాకా సాగుతూనే ఉండాలి. షార్ట్ ఫీల్డ్, సాఫ్ట్ ఫీల్డ్ అన్నీ కాగితం మీదే. మన దగ్గర గడ్డి స్ట్రిప్పులు ఎందుకు లేవో ఎవరైనా చెప్తారా?

ఒహాయోలో ఒంగోలు:

తమ్ముడూ, మాది ఒంగోలు వైపు, నల్లరేగడి నేల. ఆ నేలలో ఆగస్టులో ట్రాక్టరే దిగబడుతుంది, విమానం సంగతి చెప్పాలా. వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుకుంటుంది. ఇంగ్లండ్‌లో ఏడాది పొడుగునా కాస్త కాస్త వాన పడి గడ్డి వేర్లు నేలని పట్టి ఉంచుతాయి. మన దగ్గర నాలుగు నెలలు బురద, నాలుగు నెలలు దుమ్ము.

ఎండ లెక్క కూడా చూడు. అదే 172ఎస్ పట్టికలో 40 డిగ్రీలకి, సముద్ర మట్టంలోనే, టేకాఫ్ 1945 అడుగులు, 593 మీటర్లు. బాబాయ్ గుణకాలు వేస్తే ఎండు గడ్డి మీద 946 మీటర్లు. మే నెలలో విజయవాడలో శాండౌన్ అంత గడ్డి రన్‌వే ఉన్నా ముగ్గురితో లేవలేం.

వాల్తమ్ బాబాయ్:

మన దేశంలో అసలు లేవని కాదు, మొదలైందే వాటితో. 1932 అక్టోబర్ 15న జేఆర్డీ టాటా కరాచీ నుంచి టపా మూటలతో పుస్ మాత్ అనే చిన్న విమానంలో వచ్చి దిగిన జుహూ అప్పట్లో పక్కా రన్‌వే లేని ఉత్త మైదానం. అక్కడి నుంచి టపా బళ్లారి మీదుగా మద్రాసు వెళ్లింది. వర్షాకాలం వస్తే జుహూ నీళ్లలో మునిగేది, టాటా వాళ్లు సరంజామా అంతా పూనాకి మార్చుకునేవాళ్లు. ఇక్కడా అంతే, ఆ రోజుల్లో విమానాశ్రయం అంటే నిజంగానే ఒక పెద్ద మైదానం, గాలి ఎటుంటే అటు తిరిగి ఎగిరేవాళ్లు, పక్కగాలి బాధే లేదు. విమానాల బరువు పెరిగాక కాంక్రీటు తప్పలేదు. మా వైట్ వాల్తమ్‌లో రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు చేరవేసే ఏటీఏ వాళ్ల కేంద్రం ఉండేది, ఆ మైదానం ఇప్పటికీ గడ్డే.

పక్కసీటు:

మా ఆయన పైలట్, నేను పక్కసీటు. ఎవరూ చెప్పని సంగతి ఒకటి. గడ్డి మీద దిగితే లోపల కూర్చున్నవాళ్లకి గడగడమని చప్పుడు, తలుపులు అదురుతాయి, ఏదో ఊడిపోయినట్టే ఉంటుంది. నాకు ముందు చెప్పలేదు, నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను, అదీ యోక్ మీదున్న చెయ్యి. మీ ఆవిడకి, బావమరిదికి బయల్దేరే ముందే చెప్పండి, "కుదుపులు మామూలే, ఏదీ ముట్టుకోవద్దు" అని. ఇంకోటి, తడి గడ్డిలో నడవాలి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోమనండి.

థేమ్స్ గట్టు:

పక్కసీటు గారూ, బూట్ల సంగతి వెంటనే అమలు. ఎవరి మాట వినాలన్న నా ప్రశ్నకి జవాబు దొరికింది. క్లబ్బు రూల్స్ చూశాను, గడ్డి మీదకి వెళ్లాలంటే ఇన్‌స్ట్రక్టర్‌తో ఒకసారి వెళ్లి సంతకం పెట్టించుకోవాలట. కాబట్టి మొదట ఒక సాయంత్రం ఇన్‌స్ట్రక్టర్‌తో పాపమ్ అనే గడ్డి ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్తాను, అది మాకు దగ్గర. నెలాఖరు ట్రిప్పుకి ముందు రోజు వాన లేకపోతే శాండౌన్, ఉంటే బెంబ్రిడ్జ్. ట్యాంకులు నింపకుండా వెళ్తే బరువు కూడా కొంత తగ్గుతుంది. పాపమ్ గురించి ఏమైనా చెప్తారా?

వాల్తమ్ బాబాయ్:

మంచి ప్లాన్. పాపమ్‌కి ఫోన్ చేసే వెళ్లండి. 26 రన్‌వేకి ఫైనల్లో, అంటే దిగడానికి సూటిగా వచ్చే ఆఖరి దారిలో, ఏ303 రోడ్డు పక్క పెట్రోల్ బంకు ఉంటుంది, దాని నెత్తి మీదుగా పోకుండా కాస్త పక్కగా రమ్మంటారు, ఎలా రావాలో వాళ్ల వెబ్‌సైట్‌లో బొమ్మ ఉంటుంది, ముందే చూసుకోండి. పై నుంచి మొదటిసారి గడ్డి రన్‌వే వెతుక్కోవడమే ఒక పని, చుట్టూ పొలాలన్నీ ఒకే పచ్చగా ఉంటాయి. రన్‌వే అంచున తెల్ల గుర్తులు, గాలిసంచి వెతకండి, హెడింగ్ సరిపోయిందో లేదో కంపాస్‌లో చూసుకోండి. శాండౌన్‌కి వెళ్లినప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి, అది పాపమ్ కన్నా బాగా వెడల్పు. వెడల్పు రన్‌వే చూస్తే కన్ను మనం నేలకి మరీ దగ్గరకి వచ్చేశామని మోసపోతుంది, దాంతో ఫ్లేర్ ఎత్తులోనే మొదలుపెట్టేస్తారు. చూపు రన్‌వే దూరపు చివర మీద పెట్టండి. నచ్చకపోతే గో అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకెక్కడం, అదీ చక్రాలు ఆనకముందే. తడి గడ్డి మీద ఆనాక మనసు మార్చుకుంటే మళ్లీ లేవడానికి కావాల్సిన దూరం మిగలదు.

రెంచి:

తిరిగొచ్చాక స్పాట్స్ లోపల ఒకసారి టార్చి వెయ్యండి. క్లబ్బు విమానం కదా అని వదిలేస్తే తర్వాత ఎక్కేవాడు అనుభవిస్తాడు.